ఏడు స్టెప్పుల లెక్క: మైక్రోబ్రూట్‌తో నాలుగేళ్ళు

నల్లగొండలో పెళ్ళిళ్ళకూ వినాయక మండపాలకూ కీబోర్డు వాయించేవాళ్ళకు కొదవ లేదు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. మా అందరి దగ్గరా ఉండేది వందల టోన్లు, రిథమ్‌లు ముందే నింపి ఇచ్చే పెద్ద కీబోర్డు. అది ఉండగా, ఒకసారికి ఒక్క స్వరమే పలికే, తెరైనా లేని ఈ మైక్రోబ్రూట్ పెట్టె ఎందుకురా అని ఇంట్లో అమ్మ నుంచి స్టేజీ మీద మిక్సర్ అన్న వరకు అందరూ అడిగారు. నాలుగేళ్ళ కిందట హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికీ అమ్మలేదు.

మైక్రోబ్రూట్ అనేది ఆర్టూరియా అనే ఫ్రెంచి కంపెనీ 2013లో తెచ్చిన అనలాగ్ సింథసైజర్, అంటే ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో శబ్దాన్ని పుట్టించే వాద్యం. 25 చిన్న మెట్లు, పైన నాబ్‌ల వరస. శబ్దం మొరటుగా, బలంగా ఉంటుంది. బేస్‌కు బాగా పనికొస్తుంది. శబ్దం గురించి ఇంతకన్నా చెప్పను. నన్ను పట్టుకున్నది అందులోని స్టెప్ సీక్వెన్సర్, అంటే మనం ఎక్కించిన స్వరాల వరసను తానే మళ్ళీ మళ్ళీ వాయించే భాగం. స్టెప్పంటే మా పిల్లలు డాన్సు అనుకున్నారు. ఒకరకంగా వాళ్ళదీ తప్పు కాదు.

పని చేసే తీరు ఇది. స్విచ్చిని రికార్డు వైపు జరిపి మెట్లు ఒక్కొక్కటే నొక్కాలి. నొక్కిన ప్రతి స్వరం ఒక స్టెప్పు. తీరిగ్గా ఆలోచించి నొక్కినా, టీ తాగి వచ్చి నొక్కినా దానికి పట్టదు. ప్లే వైపు జరపగానే అన్నీ సమాన వ్యవధిలో పలుకుతాయి. ఎక్కడైనా ఖాళీ కావాలంటే ట్యాప్/రెస్ట్ అనే బటన్ నొక్కితే ఆ స్టెప్పు మౌనంగా ఉంటుంది. ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1982లో వచ్చిన రోలాండ్ కంపెనీ సింథసైజర్ ఎస్‌హెచ్-101లోనూ ఇలాగే ఎక్కించేవారు, అందులో వంద స్టెప్పులు. ఇందులో 64. ఇలా ఎక్కించిన వరసలు, అంటే ప్యాటర్న్‌లు, ఎనిమిది దాచుకోవచ్చు.

నాకు నచ్చిన అసలు సంగతి, ఎన్ని స్టెప్పులు ఎక్కిస్తే ప్యాటర్న్ అంతే పొడవుంటుంది. 16 గళ్ళు కళ్ళ ముందు పెట్టే యంత్రాల మీద చెయ్యి తనంతట తానే నాలుగు నాలుగులుగా నడుస్తుంది. ఇక్కడ ఏడు నొక్కి ఆపితే ఏడే. తకిట తకధిమి, మిశ్రచాపు తాళం సిద్ధం. అయిదు నొక్కితే ఖండచాపు. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు, చతురశ్ర నడకలో దెబ్బకు నాలుగు స్టెప్పులు, అంటే ఒక ఆవృత్తానికి (చుట్టుకు) 32 కాబట్టి రెండు ఆవృత్తాలు సరిగ్గా 64లో కూర్చుంటాయి. ఫ్రాన్సులో ఎవరూ ఆది తాళం లెక్కపెట్టి ఉండరు గానీ, నాకు మాత్రం కొలిచి కుట్టించినట్టుంది.

మొదటి ఏడాది నేను రెస్ట్ బటన్ జోలికే పోలేదు. 64 ఉన్నాయి కదా అని 64 స్వరాలూ కుక్కేవాణ్ణి. ఒకసారి మిర్యాలగూడలో పెళ్ళి ఊరేగింపుకు ముందు నా బేస్ వింటూ డప్పు కొట్టే పెద్దాయన ఒకరు డప్పును మంటకు కాచుకుంటున్నారు. కాసేపు విని, “బిడ్డా, నీ పెట్టెకు అలుపు లేదా? ఎక్కడా ఊపిరి తీసుకోవడం లేదు. నా దెబ్బ ఎక్కడ వేయాలి?” అన్నారు. “ఎక్కడ ఆపమంటావు మామా?” అని అడిగితే నోటితో చెప్పకుండా డప్పు మీద చూపించారు. ఆ రాత్రి ఇంటికి వచ్చి ప్యాటర్న్‌లన్నీ చెరిపేశాను. ఏడింటిలో మూడు స్వరాలు, నాలుగు ఖాళీలు. డప్పు ఉన్నప్పుడు ఇప్పటికీ అదే వాడుతున్నాను.

ఖాళీలతో ముక్తాయింపు కట్టడం, అంటే ఒకే ముక్కను మూడుసార్లు వాయించి తాళం మొదటి దెబ్బకు చేరడం, ఇంకా సరదా. పది స్టెప్పుల ముక్క ఒకటి, తర్వాత ఒక రెస్ట్, మళ్ళీ అదే పది, మళ్ళీ రెస్ట్, చివరగా పది. మొత్తం 32. ఆ వెంటనే మొదటి స్టెప్పు, అంటే సమం. రెస్ట్ ఒక్కటి తక్కువైతే చివరి ముక్క సమానికి ఒక స్టెప్పు ముందే అయిపోయి, మృదంగం తెలిసినవాళ్ళు నవ్వుతారు. లెక్క తప్పితే మధ్యలో దిద్దుకునే వీలు లేదు. మొదటి నుంచి మళ్ళీ ఎక్కించాల్సిందే. అందుకే నేను ముందు గళ్ళ నోటుబుక్కులో రాసుకుని, చూసి నొక్కుతాను. నాకిది పెద్ద కష్టం అనిపించలేదు గానీ, ఓపిక తక్కువవాళ్ళకు చెప్పడం నా ధర్మం.

రాగాలు వాయించేవాళ్ళు ఒకటి గమనించాలి. ప్యాటర్న్ నడుస్తుండగా వేరే మెట్టు నొక్కితే మొత్తం ప్యాటర్న్ ఆ శ్రుతికి జరుగుతుంది. సినిమా పాటలకు ఇది వరం. మధ్యమం, నిషాదం లేని మోహన రాగంలో స రి గ ప ద ఎక్కించి, ఉత్సాహం కొద్దీ పంచమం నొక్కాననుకోండి. అంతరాలు అవే ఉంటాయి కాబట్టి ప ద ని రి గ అని పలుకుతుంది. మోహనంలో నిషాదం ఎక్కడిది? మధ్యమం నొక్కినా అంతే, ఆ మధ్యమమే పరాయిది. యంత్రానికి రాగం తెలియదు, దూరాలే తెలుసు. భజన కార్యక్రమంలో ఇది చేసి హార్మోనియం పంతులుగారి చూపు తిన్నాను. అప్పటి నుంచి రాగమైతే పై షడ్జం, కింది షడ్జం తప్ప మరో మెట్టు ముట్టను.

ఇంకో పొరపాటూ చెప్పాలి, పూర్తిగా నాదే. ట్యాప్/రెస్ట్ బటన్‌కు రెండు పనులు: రికార్డులో ఖాళీ, ప్లేలో వేగం పట్టుకోవడం. డప్పు జోరు పెరిగినప్పుడు దానికి తగినట్టు ఆ బటన్ తట్టితే వేగం కలుస్తుంది. ఒక మండపంలో స్విచ్చి రికార్డు వైపే ఉందని చూసుకోకుండా తట్టాను. వేగం రాలేదు సరికదా, గంటసేపు కూర్చిన ప్యాటర్న్ పోయి దాని స్థానంలో నాలుగు మౌనాలు మిగిలాయి. ఇప్పుడు ముఖ్యమైన ప్యాటర్న్‌లను కంప్యూటర్‌లోకి తీసి దాచుకుంటాను.

టోన్లను గుర్తుపెట్టుకునే సౌకర్యం ఇందులో లేదు. ప్రతి పాట నాబ్‌ల అమరికనూ ఫోనుతో ఫొటో తీసుకుంటాను. మే నెలలో రేకుల షెడ్డు కింద వాయించాల్సి వస్తే పావుగంట ముందే ఆన్ చేసి, మొదలుపెట్టబోయే ముందు శ్రుతి ఒకసారి చూసుకుంటాను. ఎండకు అనలాగ్ వాద్యాల శ్రుతి జారవచ్చు. బ్యాటరీతో నడవదు, 12 వోల్టుల అడాప్టర్ కావాలి. బజారులో దొరికిన ఒక చవక అడాప్టర్ తగిలిస్తే స్పీకర్లో తేనెటీగల తుట్టె మోగింది. ఆ రోజే మార్చేశాను.

ఎనిమిది ప్యాటర్న్‌లలో ఏడో నంబరు డప్పు మామది. ఎనిమిదో దాంట్లో 56 స్టెప్పులున్నాయి: ఏడేసి చొప్పున ఎనిమిది సార్లు, ఒక్కోసారి ఒక్కో చోట రెస్ట్. ఎనిమిది దెబ్బల నడకతో కలిపితే రెండూ సమంలో కలిసేది ఆ 56 అయ్యాకే. ఆయన ముందు ఇంకా వాయించలేదు.