రౌసు పడవ ప్రయాణం: డబ్బులు పెట్టదగ్గదే, కానీ రెండు రోజులు ఉంచుకోండి

జపాన్ ఉత్తరాన హొక్కైడోలో రౌసు రేవు నుంచి ఫిబ్రవరిలో ఇంకా చీకటి ఉండగానే పడవ ఎక్కాం. కునషిరి దీవి వెనక నుంచి సూర్యుడు వస్తుంటే, ఇటు తిరిగితే మంచు కప్పిన షిరెటోకో కొండలు, మధ్యలో సముద్రం మీద తేలే మంచు పలకలు, వాటి మీద ఎటు చూసినా స్టెల్లర్ సముద్ర గద్దలే! రెక్కలు చాపితే 2 మీటర్లు దాటతాయి, ఆ పెద్ద పసుపు ముక్కును అంత దగ్గరగా చూసి మాటే రాలేదు నాకు. తెల్లతోక గద్దలూ బోలెడు. పడవవాళ్లు చేపలు విసురుతారు, అందుకే అవి దగ్గరికొస్తాయి, ఫొటోలకు బాగుంటుంది కానీ అది నాకు నచ్చలేదు. గాలి మారితే మంచు వెళ్లిపోతుంది, మొదటి రోజు మాకదే జరిగింది, అందుకే రెండు రోజులు ఉంచుకోమంటున్నా. చలికి కెమెరా బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఇంకోటి లోపలి జేబులో పెట్టుకోండి.