జాగ్రత్త: “ఆకులు తీయలేదు, అందుకే పొంగింది” అంటే నమ్మకండి

చూరు అంచున వాన నీళ్ళు పట్టే గట్టర్ పనికి అడ్వాన్సు ఇచ్చి, చివరి విడత ఇంకా చేతిలో ఉన్నవాళ్ళు ఆ డబ్బు ఇచ్చేముందు ఇది చదవండి.

మొదటి పెద్ద వానకే కొత్త గట్టర్ గోడ వైపు పొంగింది. గోడ పొడవునా చెమ్మ దిగింది, లోపల రంగు ఉబ్బింది. బిగించినవాళ్ళను పిలిస్తే వచ్చారు గానీ నిచ్చెన ఎక్కలేదు. కిందనుంచే ఒకసారి పైకి చూసి అన్న మాట ఇది: “మీరు ఆకులు తీయలేదు, అందుకే పొంగింది. శుభ్రం చేసుకోవడం మీ పని. మా వారంటీ రేకుకే, లీకుకు కాదు.” పని పూర్తయి నెల తిరగలేదు. పక్కన చెట్టే లేదు. ఎక్కి చూస్తే గట్టర్‌లో ఒక్క ఆకు లేదు. ఉన్నవి రెండు అంగుళాల నిలవ నీళ్ళు, వాళ్ళే కోసి వదిలేసిన రేకు ముక్కలు, రివెట్ల తోకలు. చూడకుండానే తప్పు ఇంటివాళ్ళ మీదికి తోసేసి వెళ్ళిపోయారు.

ఈ మాట ఎవరిమీదైనా పనిచేస్తుంది. గట్టర్ తలకు పైన ఉంటుంది, ఎక్కి చూసేవాళ్ళు తక్కువ. అందుకే అసలు సంగతి చెప్తున్నా.

నిజంగానే ఆకులు నిండినా, సరిగ్గా బిగించిన గట్టర్ గోడ వైపు పొంగకూడదు. గట్టర్ ముందు అంచు వెనక అంచుకన్నా కనీసం అర అంగుళం, అంటే 12 మిల్లీమీటర్లు, దిగువన ఉండాలి. అప్పుడు కిందికి పైపు దిగే మూతి పూడినా, కుండపోత కురిసినా నీళ్ళు ముందుకు దూకి నేల మీద పడతాయి. గోడ తడిసిందంటే వెనక అంచు కిందికి ఉండి ఉండాలి, లేదా పైకప్పు అంచుకూ గట్టర్‌కూ మధ్య సందు ఉండి ఉండాలి. ఆ రెండూ బిగించినవాళ్ళ తప్పులే. పైకప్పు రేకు గానీ పెంకు గానీ గట్టర్ లోపలికి సుమారు 50 మిల్లీమీటర్లు చొచ్చుకురావాలి. అంత రాకపోతే పైకప్పు కిందినుంచి గట్టర్ లోపలికి దిగేలా ఒక వంపు రేకు వేయాలి. అది వేయకపోతే చిన్న జల్లుకు కూడా నీళ్ళు రేకు అడుగు పట్టుకుని వెనక్కి పాకుతాయి. గట్టర్ వెనకున్న చెక్క పలక మీద నల్లటి చార, ఉబ్బిన రంగు కనబడితే అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగిందంటే చెక్క కుళ్ళింది. కుళ్ళిన చెక్కకు ఎంత మంచి స్క్రూ వేసినా పట్టదు, ముందు పలక మార్చాలి.

ఇక నిలవ నీళ్ళు. మూతిలో అడ్డం పడినా నీళ్ళు నిలుస్తాయి, కాబట్టి ముందు మూతి శుభ్రం చేసి చూడాలి. మూతి తెరిచే ఉండి, వాన వెలిసిన మర్నాటికీ నీళ్ళు అలాగే ఉన్నాయంటే మూతి వైపు వాటం, అంటే వాలు, లేనట్టే. మీటరుకు 2 మిల్లీమీటర్లు, పది అడుగులకు పావు అంగుళం వాటం కావాలి. 12 మీటర్ల గట్టర్‌కు మొదటికీ చివరికీ మధ్య 24 మిల్లీమీటర్ల తేడా రావాలి. కిందినుంచి చూస్తే ఆ తేడా కంటికి ఆనదు. అంతకన్నా పొడవైతే మధ్యలోంచి రెండు వైపులకూ వాటం ఇచ్చి రెండు చివర్లా పైపులు దింపాలి. చాలామంది చూరు అంచుకు సమానంగా దారం పట్టి మట్టంగా బిగించేస్తారు. చూడ్డానికి తీరుగా ఉంటుంది, పనిలో మాత్రం పనికిరాదు. ఎవరైనా సరిచూసుకోవచ్చు: పారదర్శక గొట్టంలో బుడగలు లేకుండా నీళ్ళు నింపి, రెండు చివర్లా పట్టుకుని మట్టం గుర్తు పెట్టి టేపుతో కొలవండి. నిలవ నీళ్ళలో వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి, పూత గీసుకుపోయిన చోట తుప్పు మొదలవుతుంది.

గట్టర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్లు తప్పకుండా లెక్కపెట్టండి. ఎక్కువగా కోత పెట్టేది ఇక్కడే. 600 మిల్లీమీటర్లకు ఒకటి కావాలి, జోరు వానలు, గాలి ఉన్నచోట 450కి ఒకటి. 12 మీటర్లకు 600 చొప్పున 21 బ్రాకెట్లు. ఈ పనిలో ఉన్నవి 12. అయిదంగుళాల గట్టర్ నిండితే మీటరుకు దాదాపు 15 లీటర్లు పడుతుంది, అంటే 12 మీటర్ల మీద 180 కిలోల బరువు. 21 మోయాల్సింది 12 మోస్తే ఒక్కోదాని మీద ఎనిమిదిన్నర బదులు 15 కిలోలు పడుతుంది. మధ్యలో కుంగుతుంది, కుంగినచోట నీళ్ళు చేరతాయి, ఆ బరువుకు ఇంకా కుంగుతుంది. పొడుగు మేకులు కొట్టి వేలాడదీసిన గట్టర్ అయితే ఎండకూ చలికీ సాగి ముడుచుకునేటప్పుడు మేకులు మెల్లగా బయటికి వస్తాయి. వాటిని మళ్ళీ సుత్తితో లోపలికి కొట్టడం వల్ల లాభం లేదు, రంధ్రం అప్పటికే వదులైపోయింది. స్క్రూ బ్రాకెట్ వేయించండి, పాత రంధ్రానికి కాస్త పక్కన.

అతుకుల విషయంలో మోసం చాలా సులువు. రెండు గట్టర్ ముక్కలు కలిసేచోట ఎగువ ముక్క లోపల, దిగువ ముక్క బయట ఉండాలి. అప్పుడే నీళ్ళు అతుకు మీంచి జారిపోతాయి. తిరగేసి బిగిస్తే ప్రతి చుక్కా సందులోకి దూరుతుంది. కిందికి దిగే పైపులకూ అదే సూత్రం: పై ముక్క కింది ముక్క లోపలికి దిగాలి. సందు పూడ్చే సీలెంటు రెండు రేకుల మధ్య వేసి, తర్వాత రివెట్లు కొట్టాలి. రివెట్లు కొట్టేసి పైపైన సిలికాన్ పూస్తే ఆ పూత ఊడి వస్తుంది. జింకు పూత రేకుకు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వాడనివ్వకండి. గట్టిపడేటప్పుడు అందులోంచి వచ్చే ఆమ్లం జింకును తినేస్తుంది. డబ్బా మీద న్యూట్రల్ అని ఉన్నదే తెమ్మనండి. రాగి రేకు మీంచి కారే నీళ్ళు అల్యూమినియం గట్టర్‌లో పడినా, జింకు పూత గట్టర్‌లో పడినా, అది కొన్నాళ్ళకు చిల్లులు పడుతుంది. పీవీసీ అయితే నాలుగు మీటర్ల ముక్క 40 డిగ్రీల తేడాకు సుమారు 10 మిల్లీమీటర్లు సాగుతుంది. అతుకులో ఆ జాగా వదలకపోతే వంకర తిరుగుతుంది, లేదా అతుకు విడిపోతుంది.

పైపు సైజు కూడా చూడండి. ప్రతి 100 చదరపు అడుగుల పైకప్పుకు పైపు నోరు ఒక చదరపు అంగుళం ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 2×3 అంగుళాల పైపు 600 చదరపు అడుగులకు సరిపోతుంది, 1,200కి 3×4 కావాలి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్లు దిగుతాయి. అవన్నీ గోడ మొదట్లోనే పడితే పునాది మట్టి కొట్టుకుపోతుంది. పైపు చివర గోడకు కనీసం ఒకటిన్నర మీటర్ల దూరం వెళ్ళాలి.

చూరు కింద నేలలో గీత గీసినట్టు గాడి పడడం, గోడ మొదట్లో పాచి, అతుకుల కింద తెల్లటి మరకలు, వాన వెలిసి గంట దాటినా ఒకేచోట చుక్కలు. వీటిలో ఏది కనబడినా వెంటనే ఎక్కి చూడాలి. నిచ్చెన గట్టర్‌కు ఆనించకండి, గట్టర్ వంగుతుంది, మీరు పడతారు. నిచ్చెనను గోడకు ఆనించండి. నాలుగు అడుగుల ఎత్తుకు గోడనుంచి అడుగు దూరం చొప్పున నిచ్చెన కాలు పెట్టండి, కింద ఒకరు పట్టుకోవాలి, పక్కన కరెంటు తీగలు లేవని ముందే చూసుకోండి.

జాలీ మూత వేస్తే ఇక శుభ్రమే అక్కర్లేదని అమ్ముతారు, అది అబద్ధం. సన్నటి దుమ్ము, గింజలు లోపలికి దిగి బురద కడతాయి, జాలీ మీద ఆకులు చాపలా పరుచుకుంటాయి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ఎలాగూ తీయాల్సిందే.

చివరి విడత ఇచ్చేముందు, పనివాళ్ళు అక్కడ ఉండగానే, పై చివర గొట్టంతో పదిహేను నిమిషాలు నీళ్ళు వదలండి. ఆ తర్వాత మూతికి గుడ్డ కుక్కి నింపి, పొంగేది ముందుకా వెనక్కా చూడండి. ఈ రెండో పరీక్ష ఆ రోజు చేయించకపోవడమే ఇక్కడ జరిగిన పెద్ద పొరపాటు. బ్రాకెట్ల సంఖ్య, వాటం, లీకుకూ పనితనానికీ వారంటీ ఎన్నాళ్ళో రసీదు మీదే రాయించుకోండి. రాయనంటే పని ఇవ్వొద్దు. ఇప్పటికే కారుతుంటే సిలికాన్ ముట్టుకోకముందే టేపు పక్కన పెట్టి ఫోటోలు తీయండి. వాళ్ళు వచ్చి పూత పూసేస్తే తిరగేసిన అతుకు మళ్ళీ కనబడదు.