అనంతపురంలో ఆర్ట్ సినిమా: హాలు మంచిదే, లెన్స్ మీద ఆ చెయ్యి తీయాలి

అనంతపురంలో ఆర్ట్ సినిమా చూడాలంటే ఇప్పుడు ఒక చోటు ఉంది. టవర్ క్లాక్ నుంచి నడిచిపోయేంత దూరం, కింద ట్యుటోరియల్, పై అంతస్తులో హాలు, నెలకోసారి శనివారం సాయంత్రం ఒక సినిమా వేస్తారు. నడిపేవాళ్లు ఊళ్లో చాలామందికి తెలిసినవాళ్లే. ఒక విషయంలో వాళ్ల మీద గట్టిగా రాయబోతున్నాను కాబట్టి పేర్లు రాయను, కావాల్సినవాళ్లు ఆ చుట్టుపక్కల పుస్తకాల షాపులో అడిగితే దారి చూపిస్తారు.

ఈసారి వరసగా వేసిన నాలుగు సినిమాలదీ ఒకటే విషయం: సిటీలో ఒంటరిగా బతికే మనుషులు, వాళ్ల కోరికలు, పేరు కూడా తెలియని మనిషి దగ్గర కాసేపు దొరికే చనువు. తైవాన్ సినిమా ‘వివ్ లామూర్’, హాంగ్‌కాంగ్ సినిమా ‘చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్’, మన ‘ది లంచ్‌బాక్స్’, చివరికి ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’. ఇంత మంచి ఎంపిక హైదరాబాద్‌లో దొరికినా మెచ్చుకోవాల్సిందే, మన ఊళ్లో దొరికితే వదులుకోకూడదు.

ముందు సౌకర్యాల సంగతి చెప్పేస్తాను. టికెట్టు వంద రూపాయలు, స్టూడెంట్లకు సగం. ప్లాస్టిక్ కుర్చీలు, రెండు గంటలు కూర్చుంటే నడుము పట్టేస్తుంది. ఏసీ లేదు, ఫ్యాన్ల చప్పుడులో మెల్లగా మాట్లాడే మాటలు వినిపించవు, అయితే ఎలాగూ సబ్‌టైటిల్సే చదువుతాం కాబట్టి పెద్ద నష్టం లేదు. ప్రొజెక్టర్ బొమ్మ శుభ్రంగా ఉంటుంది, తెర కూడా బాగానే పెద్దది. సినిమా అయ్యాక ఉగ్గాని, బజ్జీ, టీ ఇస్తారు, దానికి వేరే డబ్బులు లేవు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అంత వేగంగా చదవలేనివాళ్ల కోసం కథను తెలుగులో ఒక పేజీ రాసి ముందే పంచుతారు. ఇది చాలా మంచి పని, కానీ ఆ పేజీలో ముగింపు కూడా రాసేస్తున్నారు, అది మానాలి.

ఇలాంటి సినిమాలు మనకెందుకు అని ఒకాయన మొదటి రోజే అడిగారు. నాకైతే ఇవి మనకే ఎక్కువ కావాలనిపిస్తుంది. మా వీధిలో ఏ ఇంటికి పోయినా ఒక కొడుకో కూతురో బెంగుళూరులో ఉంటారు, 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం, శుక్రవారం రాత్రి బస్సులన్నీ వాళ్లతోనే నిండిపోతాయి. జీతమెంత, పెళ్లెప్పుడు అని అడుగుతాం గానీ, అక్కడ రాత్రి పది తర్వాత రూముకు పోయి ఎవరితో మాట్లాడతావని అడగం. నేనూ పీజీలో ఉండి వచ్చినదాన్నే. పక్క మంచం అమ్మాయి ఇంటిపేరేంటో, వాళ్ల నాన్న ఏం చేస్తారో నాకు చివరిదాకా తెలియదు. నాకు జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది మాత్రం ఆ అమ్మాయే. అలాంటి దగ్గరితనానికి మన దగ్గర పేరు లేదు, చుట్టరికం కాదు, స్నేహం అని కూడా అనలేం. ఈ నాలుగు సినిమాలూ పట్టుకున్నది సరిగ్గా దాన్నే.

‘వివ్ లామూర్’ గురించి కొంచెం ఎక్కువ రాయాలి, నా గొడవ కూడా దాంతోనే. సై మింగ్-లియాంగ్ తీసిన సినిమా, 1994లో వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అన్నిటికంటే పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ అందుకుంది, ఆ ఏడు ఇంకో సినిమాతో పంచుకుంది. తైపేలో అమ్మకానికి ఉన్న ఒక ఖాళీ ఫ్లాటు, ముగ్గురు మనుషులు. ఒకామె ఇళ్లు అమ్మే ఏజెంటు. ఒకతను రోడ్డు పక్కన బట్టలు అమ్ముతాడు. ఇంకో అబ్బాయి అస్థికలు భద్రపరిచే గూళ్లు అమ్ముకుంటూ తిరుగుతాడు. ఏజెంటు తలుపుకే మరిచిపోయిన తాళంచెవి ఈ అబ్బాయి కొట్టేసి రహస్యంగా వచ్చి అక్కడ పడుకుంటూ ఉంటాడు. బట్టలమ్మే అతన్ని ఆమె బయట చూస్తుంది, అతను ఆమె వెనకే నడుస్తాడు, ఒక్క మాట లేకుండా ఇద్దరూ ఆ ఫ్లాటుకే చేరతారు. పేర్లు అడుక్కోవడం కూడా ఉండదు. సినిమా మొత్తంలో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు, మాటలు కూడా చాలా తక్కువ. వాచీ చూసుకునేవాళ్లు మొదట్లో ఉన్నారు, తర్వాత తర్వాత హాలు మొత్తం కుదురుకుంది.

తాళంచెవి కొట్టేసిన ఆ అబ్బాయి ఒక కళింగర కాయ (పుచ్చకాయ) కొనుక్కొచ్చి దాన్ని చేత్తో నిమిరి, ముద్దుపెట్టుకునే సీను ఒకటుంది. మా హాల్లో మొదట నవ్వులు వినిపించాయి. కెమెరా అక్కడి నుంచి కదలదు. చూస్తూ చూస్తూ ఉంటే నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే అతనికి తాకడానికి ఈ లోకంలో ఇంకేమీ లేదని మెల్లగా అర్థమవుతుంది. ఫోన్‌లో అయితే నేను కచ్చితంగా ముందుకు జరిపేసేదాన్ని. నలుగురితో కూర్చుని చూస్తే జరపలేం, అందుకే ఈ హాలు కావాలి.

ఇప్పుడు గొడవ. చివరి భాగంలో ఏజెంటూ, బట్టలమ్మే అతనూ మంచం మీద ఉంటారు, వాళ్లు రావడంతో బయటికి పోలేక ఆ అబ్బాయి అదే మంచం కింద దాక్కుని ఉంటాడు. సీను మొదలవుతుందనగానే నిర్వాహకులాయన లేచి ప్రొజెక్టర్ లెన్స్‌కు అరచెయ్యి అడ్డం పెట్టారు. తెర మీద బొమ్మ పోయింది, ఆయన వేళ్ల చుట్టూ ఎర్రటి వెలుగు మాత్రం మిగిలింది, సౌండు అలాగే నడుస్తోంది. చీకట్లో ఆ చప్పుళ్లు వింటూ యాభై మందిమి కూర్చున్నాం. వెనక వరసలో కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. చూపించి ఉంటే దిగులుగా ఉండే సీను, దాచడం వల్ల బూతు అయిపోయింది. అంతేకాదు, కథే తెగిపోయింది. ఆ అబ్బాయి మంచం కింద ఉండటం కూడా ఆ చేతి వెనకే పోయింది కదా, తెల్లారి అతను బయటికి వచ్చి, నిద్రపోతున్న బట్టలమ్మే మనిషి పక్కన పడుకుంటే నా పక్కాయన “వీడు యాడ్నుంచి వచ్చినాడు?” అని అడిగారు. అతను ఆ నిద్రపోతున్న మనిషిని చాలా జాగ్రత్తగా, లేవకుండా, ముద్దు పెట్టుకుంటాడు. సినిమాలో ప్రేమ లాంటిది ఉన్నది ఆ ఒక్క క్షణంలోనే. రాత్రి వాళ్లిద్దరి మధ్య ఒళ్లు తప్ప ఏమీ లేకపోవడం చూసినవాళ్లకే ఈ ముద్దు బరువు తెలుస్తుంది.

టీ దగ్గర అడిగాను.

“సార్, చెయ్యి ఎందుకు అడ్డం పెట్టినారు?”

“లేడీస్ ఉండారు కదా మేడం. మీకు ఇబ్బంది కాకూడదని.”

“మమ్మల్ని ఎవరినైనా అడిగినారా సార్?”

ఆయన ఏమీ అనలేదు. పక్కన ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు, ఆమె అందుకున్నారు: “నాకు మనవరాళ్లు ఉండారు నాయనా. నేను చూడకూడనిది అందులో ఏముందో చెప్పు.” ఆయన మంచి మనిషి, కోపం తెచ్చుకోలేదు, ఎవరైనా కంప్లయింట్ చేస్తే హాలు ఖాళీ చేయిస్తారన్న భయం కూడా ఉందని చెప్పారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, అద్దె హాలు, ఓనరు కిందే ఉంటారు. అలాగైతే అసలు ఆ సినిమా ఎంచుకోకూడదు. ఎంచుకున్నాక పూర్తిగా వేయాలి. కోరిక గురించిన సినిమాలో కోరిక మీద చెయ్యి పెట్టి మూసేస్తే మిగిలేది ఏముంటుంది?

అదే సినిమా చివర్లో ఏజెంటు పొద్దున్నే ఇంకా పనులు పూర్తికాని పార్కులో, బురద దారిలో చాలాదూరం నడిచి, బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంది. దాదాపు ఆరు నిమిషాల ఏడుపు. మధ్యలో సిగరెట్ వెలిగించి ఆపుకుంటుంది, మళ్లీ మొదలవుతుంది. ఎందుకు ఏడుస్తోందో సినిమా చెప్పదు. హాల్లో సగం మందికి అది అర్థం కాలేదు, ఎందుకంటే ముందు రాత్రి ఏం జరిగిందో మాకు చూపించలేదు.

‘చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్’ రోజు ఆ సమస్య రాలేదు, దాచాల్సిన సీను అందులో లేదు. వోంగ్ కర్-వై ఇంకో పెద్ద సినిమా ఎడిటింగ్ మధ్యలో దొరికిన విరామంలో 1994లో దీన్ని తీసేశారు, ఆ హుషారు ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తుంది. అందరూ పైనాపిల్ డబ్బాల గురించి మాట్లాడుకున్నారు, ప్రియురాలు వదిలేసిన పోలీసు మే 1 ఎక్స్‌పైరీ ఉన్న డబ్బాలే కొని దాచుకుంటాడు కదా. నాకు మాత్రం హోటల్ గది సీను మనసులో ఉండిపోయింది. బంగారు రంగు విగ్గు, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒక స్త్రీ, స్మగ్లింగ్ పనిలో అలిసిపోయి ఉంటుంది, ఈ పోలీసుతో గదికి వస్తుంది, వచ్చీరాగానే నిద్రపోతుంది. అతను రాత్రంతా టీవీలో సినిమాలు చూస్తూ తింటూ కూర్చుంటాడు. తెల్లవారి వెళ్లేముందు ఆమె బూట్లు విప్పి, తన టైతో వాటిని తుడిచి పెట్టి వెళ్లిపోతాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. తర్వాత ఆమె అతని పేజర్‌కు పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుతుంది. అంతే వాళ్ల సంబంధం. ఒళ్లు తాకకుండా కూడా ఇంత దగ్గరగా రావచ్చని ఈ సినిమా చూపిస్తుంది, ఒళ్లు తాకి కూడా ఎంత దూరంగా ఉండొచ్చో ‘వివ్ లామూర్’ చూపిస్తుంది. రెండూ వరస నెలల్లో వేయడం వల్లే ఇది తట్టింది. సినిమాలు ఎంచినవాళ్లకు దండం.

‘ది లంచ్‌బాక్స్’ చాలామంది చూసేసిందే, రితేష్ బత్రా తీసింది, 2013. తప్పు అడ్రసుకు పోయిన క్యారియర్‌లో చీటీలు రాసుకునే ఇద్దరు. హాలు నిండింది, ఆ రోజే ఆడవాళ్లు ఎక్కువ వచ్చారు. హీరోయిన్‌తో పై ఫ్లోరు నుంచి మాట్లాడే ఆంటీ మనకు గొంతు తప్ప కనిపించకపోవడం గురించి మంచి చర్చ జరిగింది. దీని గురించి ఇంతకంటే రాయను, ఇంట్లోనూ చూసుకోవచ్చు.

‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ రోజుకు నిర్వాహకుల్లో మార్పు కనిపించింది. సినిమాకు ముందే మైకులో, ఇది పెద్దలకే, 18 నిండనివాళ్లు వద్దు, ఇబ్బంది అనిపించినవాళ్లు బయట టీ తాగి రావచ్చు, మేము మాత్రం ఏమీ ఆపం అని చెప్పారు. ఎవరూ లేవలేదు. 2024లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి గెలిచిన సినిమా, అక్కడి ప్రధాన పోటీలోకి మన సినిమా వెళ్లి అప్పటికి 30 ఏళ్లు. మన దేశంలో దాన్ని థియేటర్లకు తెచ్చింది రానా దగ్గుబాటి సంస్థ. దర్శకురాలు పాయల్ కపాడియా మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూల్లో చదివిన మనిషి, ఈ మాట చెప్పగానే హాల్లో అందరూ ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు.

ముంబైలో ఇద్దరు మలయాళీ నర్సులు ఒకే రూములో ఉంటారు. పెద్దామె ప్రభకు పెళ్లయింది, భర్త జర్మనీలో ఉన్నాడు, ఫోన్లు కూడా ఆగిపోయాయి. ఒకరోజు జర్మనీ నుంచి ఒక రైస్ కుక్కర్ పార్సిల్ వస్తుంది, చీటీ లేదు, పేరు లేదు. రాత్రి అందరూ పడుకున్నాక ప్రభ వంటగదిలో నేల మీద కూర్చుని ఆ కుక్కర్‌ను కాళ్ల మధ్యకు తీసుకుని వాటేసుకుంటుంది. కని కుస్రుతి ఆ సీను చేసిన తీరు గురించి ఎంత చెప్పినా తక్కువే. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన కడప జిల్లా ఇళ్లల్లో ఈ సీనుకు ఒక్క సబ్‌టైటిల్ కూడా అక్కర్లేదు. చిన్నామె అనుకు ఒక ముస్లిం అబ్బాయితో ప్రేమ, వాళ్లిద్దరికీ అంత పెద్ద సిటీలో కలుసుకోవడానికి నాలుగు గోడలు దొరకవు. చివరికి సముద్రం ఒడ్డు పల్లెలో దొరుకుతుంది ఆ చోటు. ఆ సీను వచ్చినప్పుడు నేను తెర కంటే ముందు ప్రొజెక్టర్ వైపు చూశాను. నిర్వాహకులాయన చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. సీను పూర్తిగా నడిచింది. వెనక వరసలో అదే కుర్రాళ్లు ఉన్నారు, ఒక్కరూ కిసుక్కుమనలేదు.

కాబట్టి నా మాట ఇది: హాలుకు అయిదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది కుర్చీల కోసం కాదు. చివరి రోజు మైకులో చెప్పిన మాటను నోటీసు బోర్డు మీద రాసి పెట్టాలి, సినిమాను బట్టి, వచ్చిన జనాన్ని బట్టి మారకూడదు. ‘వివ్ లామూర్’ను కూడా పూర్తిగా ఇంకోసారి వేయాలి, ఆ రోజు వచ్చినవాళ్లకు వీళ్లు అంత బాకీ ఉన్నారు.

బయటికి వచ్చే చోట బల్ల మీద సలహాల రిజిస్టర్ ఉంటుంది. వచ్చే సీజన్‌కు పత్రీస్ షెరో తీసిన ‘ఇంటిమసీ’ వేయమని రాశాను. 2001లో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ గెలిచిన సినిమా. లండన్‌లో ఒక మగవాడు, ఒక ఆడమనిషి ప్రతి బుధవారం కలుస్తారు, ఒకరి గురించి ఒకరు ఏమీ అడగరు, ఒక రోజు అతను ఆమె ఎవరో తెలుసుకోవాలని వెంటపడటంతో అంతా చెడుతుంది. అందులో ఆ కలయికలే కథ, చెయ్యి అడ్డం పెడితే సినిమానే ఉండదు. కింద టీచరమ్మ కూడా సంతకం చేశారు. మీరూ పోయినప్పుడు ఆ పేజీ తీసి చూడండి, నచ్చితే మీ పేరు కూడా రాయండి.