బోరు నీళ్లకు నిలబడ్డ షవర్ ఏది: వాల్ మిక్సర్, కన్సీల్డ్ డైవర్టర్ రెండూ ఏళ్ల తరబడి వాడాక

మా ఇల్లు నల్లగొండలో, దేవరకొండ రోడ్డు వైపు. 2014లో కట్టుకున్నాం. కింది బాత్రూంలో వేడి, చల్ల నీళ్లు కలిపి షవర్‌కో, బకెట్ నల్లాకో, హ్యాండ్ షవర్‌కో పంపే, గోడ బయటికి కనిపించే మామూలు త్రీ ఇన్ వన్ వాల్ మిక్సర్ పెట్టించాం. పైన పిల్లల బాత్రూంలో నీళ్లను షవర్‌కో నల్లాకో మళ్లించే, గోడ లోపల దాగి ఉండే కన్సీల్డ్ డైవర్టర్, దానికి ఎనిమిదంగుళాల రెయిన్ షవర్. రెండూ ఒకే కొట్లో కొన్నవి, రెండింటికీ ఒకే ట్యాంకు నీళ్లు. ఇన్నేళ్లు రోజూ వాడాక సూటిగా చెప్తున్నా: మన బోరు నీళ్లకు వాల్ మిక్సరే సరైనది. అది పాడవదని కాదు. దాంట్లో పాడైన ముక్కను పాడైనంత వరకే మార్చుకోవచ్చు. కిందిదాని ఇత్తడి బాడీ ఇప్పటికీ మొదటిదే. పైదానికి ఒక్క చిన్న ముక్క కోసం టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది.

షవర్ కొనేటప్పుడు అందరం మెరుపు చూస్తాం, డిజైను చూస్తాం. నీళ్లు చూసేవాళ్లు తక్కువ. నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, అది తాగే నీళ్ల బాధ. షవర్‌ను తినేది కాఠిన్యం, అంటే నీళ్లల్లో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. తాగే నీళ్లకు భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మా బోరు ఆ పైహద్దుకు దగ్గర్లోనే ఉంది. మిషన్ భగీరథ నల్లా వచ్చాక తాగడానికి, వంటకు కృష్ణా నీళ్లే గానీ స్నానానికి, బట్టలకు ఇప్పటికీ బోరే. మన దగ్గర చాలా ఇళ్లల్లో ఇదే కథ.

ఈ నీళ్లు వేడెక్కితే కరిగున్న కాల్షియం సున్నపు పొరగా విడిపోయి పేరుకుంటుంది. అందుకే గీజర్ నుంచి వచ్చే వేడి నీళ్ల వైపు ఎప్పుడూ ముందు పాడవుతుంది. మా ఇంట్లో రెండు బాత్రూముల్లోనూ మొదట మొండికేసింది వేడి వైపు పిడే.

నీళ్లు సరిగా రాకపోతే ముందు చేయాల్సింది షవర్ తలను విప్పి, ఉత్త పైపులోంచి నీళ్లు వదిలి చూడటం. ధార దండిగా వస్తే తప్పు తలదే. పైపులోంచి కూడా సన్నగా వస్తే తల మార్చినా లాభం లేదు, వెనక యాంగిల్ కాక్‌లోనో (గోడ దగ్గర లైను కట్టేసే చిన్న వాల్వ్) మిక్సర్‌లోనో ఏదో అడ్డుపడింది. చల్లవి బాగా వచ్చి వేడివి మాత్రమే సన్నగా వస్తుంటే గీజర్ వైపు సున్నం పట్టినట్టు. ఇంత చూసుకున్నాకే కొట్టుకు వెళ్లాలి.

మూసుకుపోయిన తలకు నిమ్మ ఉప్పు చాలు. గోరువెచ్చని నీళ్లల్లో రెండు మూడు చెంచాలు కలిపి షవర్ తలను బోర్లా ముంచితే రంధ్రాల దగ్గర సన్నగా నురగ లేస్తుంది. సున్నం కరుగుతోందని దాని గుర్తు. గంటకోసారి చూస్తూ, తెల్ల మరకలు పోగానే తీసి, వాడేసిన టూత్ బ్రష్‌తో రుద్ది కడిగేస్తాను. నకిరేకల్ నిమ్మకాయలు అగ్గువకు దొరికే రోజుల్లో రసం పిండి కూడా చేశాను, పని జరుగుతుంది గానీ ఎక్కువ సేపు పడుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం దీని దరిదాపుల్లోకి రానివ్వొద్దు. సున్నంతో పాటు క్రోమ్ పూతనూ తినేస్తుంది, ఆ తర్వాత ఇత్తడికి చిలుము పట్టడం మొదలవుతుంది. రంధ్రాలకు మెత్తని రబ్బరు మొనలున్న తలైతే ఇంకా సులువు, వేలితో నలిపితే సున్నం రాలిపోతుంది. ఆ రబ్బరు గట్టిపడి చిట్లినా, ప్లాస్టిక్ తల అతుకు దగ్గర పగిలి పక్కల నుంచి నీళ్లు చిమ్ముతున్నా తలను మార్చేయడమే, అతికించి వాడొద్దు.

పై అంతస్తు రెయిన్ షవర్ గురించి ఒక మాట. షోరూంలో పంపు ప్రెషర్ పెట్టి చూపించిన జల్లు ఇంట్లో రాదు. ట్యాంకు నీటి మట్టం షవర్‌కు ఎన్ని మీటర్ల పైన ఉంటే, మీటరుకు 0.1 బార్ లెక్కన అంతే ప్రెషర్. కింది బాత్రూంకు ఒక అంతస్తు ఎత్తు కలిసొస్తుంది. పై బాత్రూంకు ట్యాంకు నెత్తి మీదే ఉంటుంది కాబట్టి, స్టాండు ఎత్తు కలిపినా 0.2 బార్ రావడం కష్టం. అంత పెద్ద తలకు అది చాలదు, నీళ్లు జల్లుగా కాక చుక్కలుగా జారతాయి. చిన్న తల బిగించాక పిల్లలు హాయిగా స్నానం చేస్తున్నారు. పెద్దదే కావాలంటే ప్రెషర్ పంపుకూ డబ్బు లెక్కేసుకోవాలి.

ఇక అసలు గుండెకాయ స్పిండిల్. వాల్ మిక్సర్ పిడి తిప్పితే లోపల తెరుచుకుని మూసుకునేది ఇదే. పాతరకంలో చివర రబ్బరు వాషర్ ఉంటుంది, పిడిని రెండు మూడు చుట్లు తిప్పాలి. కొత్తరకంలో రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారతాయి, పావు చుట్టు చాలు. కింద మాది మొదట రబ్బరుది. షవర్ కట్టేశాక చుక్కలు ఆగకపోతే ఇంట్లో ఎవరో ఒకరు ఇంకా గట్టిగా బిగించేవాళ్లు. అలా బిగిస్తే వాషర్ తెగుతుంది, ఆ తర్వాత అది కూర్చునే ఇత్తడి సీటు మీద గాట్లు పడతాయి. వాషర్ ఖరీదు కొన్ని రూపాయలే, సీటు గాటు పడితే మాత్రం పని పెరుగుతుంది.

మొదటిసారి అది విప్పినప్పుడు మా ప్లంబరు పక్కన నిలబడి చూశాను. గీజర్ స్విచ్ ఆపించి, పైన గేట్ వాల్వ్ కట్టాడు. పిడి మీది ఎర్ర బిళ్లను కత్తి మొనతో లేపితే కింద స్క్రూ కనిపించింది. పిడి ఊడాక పానా పెట్టి స్పిండిల్ విప్పాడు. వేడి వైపుది బయటికి తీస్తే ఒళ్లంతా గరుకుగా తెల్లటి పెచ్చు, చివర వాషర్ నల్లగా గట్టిపడి మధ్యలో గుండ్రంగా గాడి. చల్ల వైపుది దాదాపు కొత్తగానే ఉంది. నేను మొత్తం సెట్ మార్చేద్దామా అన్నాను. "ఎందుకక్కా, బాడీ మంచిగనే ఉన్నది. రెండు స్పిండిళ్లు సిరామిక్‌వి ఎయ్యుండ్రి, సీటు నేను సాఫ్ చేస్త. ఇంకొన్నేండ్లు ఫికర్ లేదు" అన్నాడు. సీటును చిన్న కట్టర్‌తో చదును చేశాడు. అతను అన్నట్టే అయింది. సెట్ కొంటే వేలల్లో అయ్యేది, స్పిండిళ్లతో వందల్లో పోయింది.

సిరామిక్‌కూ ఒక శత్రువుంది, ఇసుక. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఒండ్రు లాగే ఎండాకాలంలో సన్నటి రవ్వలు బిళ్లల మధ్య చేరి గీతలు పెడతాయి. గీత పడితే ఎంత కడిగినా చుక్క ఆగదు, స్పిండిల్ మార్చాల్సిందే. ట్యాంకు కడిగించిన రోజు ముందు అడుగున ఉన్న బకెట్ నల్లా తిప్పి కాసేపు వదలాలి, షవర్ తర్వాత. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకునే ప్రకాశం బజారుకు వెళ్లండి. పొడవు, పిడి కూర్చునే చోట పళ్ల లెక్క, తిరిగే దిక్కు మూడూ కలవాలి. పళ్లు తేడా వస్తే పిడి కూర్చోదు. వేడివైపు, చల్లవైపు స్పిండిళ్లు కొన్ని మోడళ్లలో ఎదురెదురు దిక్కులకు తిరుగుతాయి.

అన్ని చుక్కలూ జబ్బు కావు. కట్టేశాక తలలో, వంపు పైపులో మిగిలిన నీళ్లు కొంతసేపు కారి ఆగిపోతాయి, పెద్ద తలైతే ఇంకాస్త ఎక్కువసేపు. రాత్రంతా పడితేనే లోపల అరిగినట్టు. ఎటువైపు అరిగిందో తెలియాలంటే గీజర్ లైను వాల్వ్ కట్టి చూడాలి. చుక్క ఆగితే వేడి వైపుది. బకెట్ నల్లా తిప్పినప్పుడు పైన షవర్‌లోంచి కూడా నీళ్లు కారుతుంటే స్పిండిళ్లు బాగున్నట్టే, మధ్యలోని డైవర్టర్ నాబ్ లోపల అరిగింది. వాల్ మిక్సర్‌లో అదీ విడిగా దొరుకుతుంది.

పై బాత్రూంలో ఇక్కడే చిక్కొచ్చింది. కన్సీల్డ్ డైవర్టర్‌లో వేడి, చల్ల, షవర్, నల్లా అన్నీ ఒకే కార్ట్రిజ్, అంటే లోపల బిగించే ఒక్క ముక్క, చూసుకుంటుంది. మీట ఒక్కటే, వాడటానికి హాయి. అది బిగుసుకుపోయినప్పుడు మూత తీసి కార్ట్రిజ్ వరకు వెళ్లగలిగాం. కొట్లో ఆ మోడల్ ఆపేశారన్నారు. అదే కొలతని ఇచ్చిన వేరే రకం వేస్తే అడుగున పిన్నులు కుదరక లోపల కారింది. చివరికి టైల్స్ పగలగొట్టి బాడీనే తీశాం. ఆ టైల్ మళ్లీ దొరకలేదు, ఇప్పుడక్కడ వేరే రంగు టైల్ ఉంది. కన్సీల్డ్‌దే కావాలనుకునేవాళ్లకు నా మాట ఒకటే: కొన్నరోజే ఒక కార్ట్రిజ్ అదనంగా కొని బీరువాలో పెట్టుకోండి, మోడల్ నంబరున్న బిల్లుతో సహా. రెండు మూడు టైల్సు కూడా దాచుకోండి.

గోడలో దాగిన బాధల్లో ఇంకొకటి షవర్ వంపు పైపు థ్రెడ్. పైపు గోడలోకి వెళ్లే చోట కప్పే గుండ్రటి బిళ్ల, అదే ఫ్లాంజ్, కింద సన్నగా కారితే బాత్రూంలో ఏమీ తెలియదు. గోడ అవతల బెడ్రూంలో సున్నం ఉబ్బి పెచ్చులు ఊడుతుంది, దాన్ని వానాకాలం చెమ్మ అనుకుంటాం. ఎండాకాలంలోనూ ఆ మచ్చ తడిగా ఉంటే వెంటనే వంపు పైపు విప్పించండి. థ్రెడ్ బాగుంటే టెఫ్లాన్ టేప్‌ను థ్రెడ్ తిరిగే దిక్కుకే నిండుగా చుట్టి బిగిస్తే చాలు. థ్రెడ్ తినేసి ఉంటే పైపు పారేయాలి.

హ్యాండ్ షవర్ గొట్టానికి బాగుచేత అంటూ లేదు. నట్టు దగ్గర స్టీలు చుట్టు విడిపోతే లోపలి గొట్టం త్వరలోనే చిట్లుతుంది, కొత్తది తెచ్చుకోవాలి. దాంతో ఒక అలవాటు మానండి: మిక్సర్ రెండు వైపులా తెరిచి ఉంచి చేతిలోని మీటతో నీళ్లు ఆపడం. అలా చేస్తే వేడి, చల్ల లైన్లు లోపల కలిసిపోయి, వాష్ బేసిన్ చల్ల నల్లాలో వేడి నీళ్లొస్తాయి. మా ఇంట్లో ఇదే జరిగితే గీజర్ పాడైందనుకున్నారు. లైన్లో నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ వేశాక ఆ బాధ పోయింది. గీజర్ సేఫ్టీ వాల్వ్ నుంచి నీళ్లు కాగేటప్పుడు నాలుగు చుక్కలు పడితే దాన్ని మూతేసి బిగించొద్దు, లోపలి ఒత్తిడి పోయే దారి అదే.

షవర్‌కు బిగించే చిన్న ఫిల్టర్లు కూడా వాడాను. రవ్వలు, తుప్పు ఆపుతాయి, సిరామిక్‌కు అంతవరకు మేలు. కాఠిన్యం తగ్గుతుందన్న ఆశతో మాత్రం కొనకండి, తెల్ల మరకలు ముందులాగే పడ్డాయి. దానికి రెజిన్ గుళికలతో కాఠిన్యాన్ని తీసేసే సాఫ్ట్‌నర్ కావాలి, ఉప్పు పోస్తూ ఉండాలి.

మొత్తం సెట్ ఎప్పుడు మార్చాలంటే బాడీ చూసి చెప్పాలి. ఇత్తడి పసుపు పోయి రాగిలా ఎర్రబడి గోటికి రాలుతుంటే, సీటు చదును చేసినా చుక్క ఆగకపోతే, కొత్త స్పిండిల్ బిగిస్తుంటే థ్రెడ్ జారితే, ఒళ్లు మీద ఎక్కడైనా సన్నటి పగులు చెమరుస్తుంటే ఇక దాని మీద పైసా పెట్టకండి. క్రోమ్ వెలిసినందుకో, పిడి వదులైనందుకో మార్చాల్సిన పని లేదు.

ఈ వేసవిలో పై బాత్రూంకూ బయటి వాల్ మిక్సరే వేయించాం. బరువైన ఇత్తడి బాడీ చూసి, స్పిండిళ్లు, డైవర్టర్ విడిగా ఇస్తారా అని కొట్లో అడిగి, అక్కడే రెండు సిరామిక్ స్పిండిళ్లు, నాలుగు వాషర్లు, ఒక టేప్ చుట్ట అదనంగా తీసుకున్నాను. అవన్నీ గీజర్ కింద అరలో ఒక డబ్బాలో ఉన్నాయి.