లోఫ్లోర్ బస్సు, లిఫ్ట్, ఫుట్‌పాత్: వీల్‌చైర్‌లో ఏళ్ల తరబడి తిరిగాక నా సమీక్ష

వీల్‌చైర్‌లో కూర్చుని రోజూ సిటీ బస్సులోనో మెట్రోలోనో ఉద్యోగానికి వెళ్లేవాళ్లలో నేనొకదాన్ని. మొదట చేత్తో తోసుకునే కుర్చీ ఉండేది. భుజాల నొప్పులు మొదలయ్యాక బ్యాటరీ కుర్చీకి మారాను. రెండింటితోనూ ఏళ్ల తరబడి తిరిగాను కాబట్టి ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో బాగా తెలుసు. ఒంటరిగా బస్సెక్కాలా వద్దా అని ఇంకా తటపటాయిస్తున్న వీల్‌చైర్ వాడకందార్ల కోసం, ఆ బస్సుల్నీ దారుల్నీ చేయించే మున్సిపల్ ఇంజనీర్ల కోసం ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బస్సు బాగుంది. బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఉన్న జాగా బాగాలేదు. ఇంటి నుంచి స్టాప్ దాకా ఉన్న దారి అంతకన్నా బాగాలేదు. డబ్బంతా బస్సు మీద పెట్టి, ఆ బస్సు దాకా చేరే దారిని వదిలేశారు.

లోఫ్లోర్ బస్సులో తలుపు దగ్గర మెట్లుండవు. స్టాప్‌లో ఆగాక డ్రైవర్ బటన్ నొక్కితే, చక్రాల మీద బస్సుని మోసే సస్పెన్షన్‌లోంచి కొంత గాలి పోయి, తలుపు వైపు బస్సు కాస్త కిందికి ఒంగుతుంది. మామూలుగా నేల నుంచి 32, 34 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే ఫ్లోర్ ఒంగాక దాదాపు 27కి దిగుతుంది. ఫుట్‌పాత్ అంచు 15 సెంటీమీటర్లుంటే, ఇక ఎక్కాల్సింది 12. దానికోసం తలుపు దగ్గర వాలుగా వేసే పలకే ర్యాంప్, దాని పొడవు దాదాపు మీటరు. అంటే 8 అడుగులు ముందుకెళితే 1 అడుగు పైకెక్కే వాలు. బ్యాటరీ కుర్చీ అవలీలగా ఎక్కేస్తుంది, చేతి కుర్చీని కూడా ఒక్క ఊపులో ఎక్కించొచ్చు. అదే బస్సు ఫుట్‌పాత్‌కి దూరంగా ఆగితే ర్యాంప్ రోడ్డు మీదికి దిగుతుంది. అప్పుడు మొత్తం 27 సెంటీమీటర్లూ ఎక్కాలి. వాలు ఇంచుమించు 4కి 1 అవుతుంది. భవనాల దగ్గర కట్టే ర్యాంపుకి చాలా దేశాల్లో ఒప్పుకునేది 12కి 1 మాత్రమే. 4కి 1 వాలు మీద వెనక నుంచి ఎవరూ తోయకుండా చేతి కుర్చీ ఎక్కదు. బ్యాటరీ కుర్చీ ఎక్కినా, వెనక్కి తిరగబడుతుందేమోనని గుండె గొంతులోకొస్తుంది. బస్సు అదే, ర్యాంపూ అదే. ఆగిన చోటు అరమీటరు మారిందంతే.

మరి డ్రైవర్లు దగ్గరగా ఎందుకు ఆపరు? అందరిదీ నిర్లక్ష్యం కాదు. స్టాప్ ముందు బండ్లు నిలిపి ఉంటాయి. చాలాచోట్ల ట్రాఫిక్‌కి అడ్డం రాకూడదని ఫుట్‌పాత్‌ని లోపలికి తొలిచి బస్సు ఆగడానికి ఒక గూడు కట్టారు. అంత పొడుగు బస్సు ఆ గూట్లోకి ఏటవాలుగా దూరి, నిటారుగా సర్దుకోవాలంటే ముందూ వెనకా చాలా స్థలం కావాలి. అంత స్థలం వదలరు. దాంతో ముందు తలుపు దగ్గరికొచ్చినా, ర్యాంపు ఉండే మధ్య తలుపు దూరంగానే ఉండిపోతుంది. దీనికి విరుగుడు ఉంది. ఫుట్‌పాత్‌నే బస్సు నడిచే వరస దాకా ముందుకు జరిపితే, బస్సు మలుపు తిరగకుండా నేరుగా వచ్చి ఆగుతుంది. అక్కడ బండి పెట్టడానికీ వీలుండదు. జర్మనీలోని కాసెల్ నగరం పేరుతో ఒకరకం అంచురాయి కూడా ఉంది. దాని ముఖం లోపలికి వంపు తిరిగి ఉంటుంది. టైరు దానికి ఆనుకుని జారుతూ బస్సుని సరిగ్గా అంచు పక్కనే నిలబెడుతుంది, టైరు పాడవదు. బ్రెజిల్‌లోని కురిచీబాలో 1991 నుంచి ఉన్న గొట్టం ఆకారం స్టాపుల్లో ప్లాట్‌ఫాం ఎత్తూ బస్సు ఫ్లోర్ ఎత్తూ ఒకటే. వీల్‌చైర్ వాళ్లు మాత్రమే కాదు, అందరూ మెట్టెక్కకుండానే ఎక్కుతారు, కాబట్టి బస్సు ఆగే సమయమూ తగ్గుతుంది. వీటిలో ఏదీ అర్థంకానంత పెద్ద టెక్నాలజీ కాదు.

ర్యాంపుల్లో మోటారుతో బయటికొచ్చేవీ చూశాను, చేత్తో మడత విప్పి వేసేవీ చూశాను. నా ఓటు చేతి ర్యాంపుకే. మోటారు ర్యాంపు బస్సు అడుగున ఉంటుంది, దుమ్మూ బురదా దూరి ఇరుక్కుపోతుంది. అది పనిచేయకపోతే ఆ బస్సు నన్ను వదిలి వెళ్లిపోవాల్సిందే. చేతి ర్యాంపుకి ఒక కొక్కెం, ఒక కీలు చాలు, చెడిపోవడానికి ఏమీ లేదు. కాకపోతే దాన్ని వేయడానికి సిబ్బందిలో ఎవరో ఒకరు సీట్లోంచి లేవాలి. కొందరు నవ్వుతూ లేస్తారు. కొందరు చూడనట్టు ముందుకు పోనిస్తారు. నేను చెయ్యెత్తి ఆపమన్నా వెళ్లిపోయిన బస్సు వెనక మిగిలే అవమానం ఎన్నేళ్లైనా అలవాటు కాలేదు. అలవాటు కాకూడదు కూడా.

లోపల వీల్‌చైర్‌కి కేటాయించిన జాగా 130 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు ఉంటే సరిపోతుంది. యూరప్ ప్రమాణం అదే. అక్కడి చాలా బస్సుల్లో వీల్‌చైర్‌ని వెనక్కి తిప్పి, మెత్తటి పలకకి వీపు ఆనించి నిలపాలి. మొదట్లో వింతగా ఉంటుంది, కొందరికి తల తిరుగుతుంది. కానీ గట్టిగా బ్రేకు వేసినప్పుడు కుర్చీ ఎటూ పోదు, ఆ పలకే ఆపుతుంది. బెల్టులూ కొక్కేలూ బిగించే పద్ధతి మరింత గట్టిదే. కానీ దానికి పట్టే సమయంలో బస్సంతా నావైపు చూస్తుంది, ఆ చూపులకి జడిసే కొందరు బస్సెక్కడం మానేస్తారు. ఆ జాగాలో కూర్చునేవాళ్ల చేతికి అందేలా బెల్ బటన్ ఉందా లేదా చూడండి. నేనెక్కిన కొన్ని కొత్త బస్సుల్లో కూడా అది నిలబడినవాళ్ల భుజం ఎత్తులో ఉంది.

ఆ జాగాలో సామాన్లో, నిలబడ్డ మనుషులో ఉంటే ఏం చేయాలన్నది ప్రతిచోటా వచ్చే తగాదా. బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో దీని మీదే తీర్పిచ్చింది. డ్రైవర్ ఒకసారి అడిగి, వాళ్లు కాదంటే ఊరుకోవడం చాలదు, జరిగేలా ఇంకాస్త ఒత్తిడి చేయాలంది. నా అనుభవంలోనూ అంతే. నేను అడిగితే సగం మంది కదలరు. డ్రైవర్ మైకులో అడిగితే దాదాపు అందరూ కదులుతారు.

ఈ బస్సులు ఎవరి దయతోనూ రాలేదు. 1978 జులైలో అమెరికాలోని డెన్వర్‌లో 19 మంది వికలాంగులు తమను ఎక్కించుకోలేని సిటీ బస్సులకి అడ్డంగా నడిరోడ్డు మీద నిలిచి, రాత్రంతా కదల్లేదు. కొత్తగా కొనే బస్సులన్నీ వీల్‌చైర్ ఎక్కేలా ఉండాలని అక్కడ దేశమంతటికీ చట్టం వచ్చింది 1990లో. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 9వ అధికరణం మొత్తం దీని గురించే: రవాణా, దారులు, భవనాలు, సమాచారం. మా బస్సు ఆలస్యమవుతోందని ఎవరైనా నన్ను చూసి విసుక్కున్నప్పుడు ఇవన్నీ గుర్తు చేసుకుంటాను.

ఇక ఫుట్‌పాత్. నా కష్టమంతా ఇక్కడే.

మూలమలుపు దగ్గర ఫుట్‌పాత్‌ని రోడ్డులోకి వాలుగా దించుతారు. వాలు ఉంటుంది. కానీ వాలు చివర, రోడ్డు కలిసేచోట, ఒక వేలు మందాన గట్టు మిగిలిపోతుంది. నడిచేవాళ్ల కంటికి కూడా ఆనదది. వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి, ఆ గట్టుకి తగిలి టక్కున ఆగిపోతాయి. కుర్చీ ఆగుతుంది, మనిషి ఆగడు. అలా ముందుకు తూలి మోకాళ్ల మీద పడ్డవాళ్లు నాకు తెలుసు. రోడ్డు మీద పాత పొర గీకకుండా కొత్త తారు పోసిన ప్రతిసారీ ఈ లెక్క మారిపోతుంది. ఫుట్‌పాత్ వాలు కట్టింది ఒక శాఖ, తారు పోసింది ఇంకో కాంట్రాక్టరు. ఇద్దరి పనీ కాగితం మీద సరిగ్గానే ఉంటుంది.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు, పక్క వాలు. వాన నీరు పోవడానికి ఫుట్‌పాత్‌ని రోడ్డు వైపు కొంచెం వంచుతారు. 50కి 1 దాకా ఫర్వాలేదు. ఇళ్ల గేట్ల ముందు కార్లు ఎక్కడానికి ఫుట్‌పాత్‌నే నరికి రోడ్డులోకి దించేస్తే ఆ వంపు బాగా ఎక్కువైపోతుంది. చేతి కుర్చీ అక్కడ రోడ్డు వైపు లాగేస్తుంది. ఒక చేత్తో చక్రాన్ని పట్టి ఆపుతూ రెండో చేత్తోనే తోయాలి. నా కుడి భుజం అరిగింది ర్యాంపుల వల్ల కాదు, ఇలాంటి గేట్ల వల్లే.

బండ్లు ఎక్కకుండా ఫుట్‌పాత్ మొదట్లో స్తంభాలు పాతుతారు. ఉద్దేశం మంచిదే. రెండిటి మధ్య 90 సెంటీమీటర్లు వదిలితే నేను పోగలను, బైకులూ పోగలవు, నిజమే. దానికి పరిష్కారం స్తంభాలు దగ్గర చేయడం కాదు, బైకుల మీద నిఘా పెట్టడం. స్తంభాలు దగ్గర చేసిన చోట నేను రోడ్డు మీదే, లారీల పక్కనే వెళుతున్నాను.

నాకు మంచిదైంది ఇంకొకరికి ముప్పు కావచ్చని ఒక అంధ స్నేహితురాలి వల్ల తెలిసింది. ఫుట్‌పాత్ రోడ్డులో పూర్తిగా కలిసిపోతే నాకు హాయి. తనకి మాత్రం రోడ్డు ఎక్కడ మొదలైందో కర్రకి అందదు. అందుకే ఆ వాలు మీద బుడిపెల పలకలు ఉండాలి. జపాన్‌లో సెయీచీ మియాకే అనే ఆయన తయారుచేసిన ఈ పలకల్ని 1967లో ఒకాయామా నగరంలో అంధుల బడి దగ్గర మొదటిసారి వేశారు. బుడిపెలుంటే ఆగమని, పొడుగు గీతలుంటే ఆ దిశగా నడవమని అర్థం. ఇప్పుడు ప్రపంచమంతా వేస్తున్నారు, కానీ అందం కోసం వేసినట్టు వేస్తున్నారు. గీతల వరస నేరుగా కరెంటు స్తంభానికి తీసుకెళ్లిన చోటు తను నాకు చూపించింది. అలాంటి చోట అసలు పలకలే లేకపోతే నయం అంది. నాకూ అదే అనిపిస్తుంది. బుడిపెల మీద వీల్‌చైర్ కాస్త అదురుతుంది. ఆ మాత్రం అదురు నేను ఓర్చుకోగలను.

మెట్రో సంగతి తొందరగా చెప్తాను, ఎందుకంటే అక్కడ ఉన్నది ఒకే సమస్య: లిఫ్ట్. లిఫ్ట్ పనిచేసిన రోజు మెట్రో అంత సుఖమైన ప్రయాణం ఇంకోటి లేదు. పనిచేయని రోజు ఆ సంగతి నాకు తెలిసేది రైలు దిగి, ప్లాట్‌ఫాం మీద లిఫ్ట్ ముందుకి చేరాకే. ఎక్కే స్టేషన్లోనే చెబితే, దాని తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి రాగలను. లిఫ్ట్ చెడిపోవడాన్ని అర్థం చేసుకోగలను, చెప్పకపోవడాన్ని కాదు. ప్రతి ప్లాట్‌ఫాంకీ రెండు లిఫ్టులుంటే ఒకటి మరమ్మతులో ఉన్నా ప్రయాణం ఆగదు. కొత్త స్టేషన్ల నక్షాలు గీసేవాళ్లని నేను అడిగేది ముందుగా ఇదే. రైలుకీ ప్లాట్‌ఫాంకీ మధ్య సందు విషయంలో అమెరికా నిబంధన కొత్త స్టేషన్లో, కొత్త రైలుకి 3 అంగుళాలు దాటకూడదంటుంది. అంతకన్నా ఎక్కువున్న చోట చేతి కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు దాటేలా వెళ్లండి. ఏటవాలుగా మాత్రం వెళ్లకండి, చిన్న చక్రం సందులో పడుతుంది.

ముందురోజు బుక్ చేసుకుంటే ఇంటి దగ్గరికే వచ్చే ప్రత్యేక వ్యాన్లు కొన్ని నగరాల్లో ఉన్నాయి. తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లకి అవి ప్రాణాధారం, వాటిని తీసేయకూడదు. కానీ వ్యాను ఉంది కదా అని బస్సుని వదిలేయడాన్ని నేను ఒప్పుకోను. సాయంత్రం స్నేహితులు రమ్మంటే నేను నిన్ననే బుక్ చేసి ఉండలేను కదా.

మనుషుల గురించి కూడా చెప్పాలి. ఎక్కువమంది మంచివాళ్లే. కానీ "వెంట ఎవరూ రాలేదా?" అనే ప్రశ్న నన్ను రోజూ గుచ్చుతుంది. సాయం చేయాలనుకుంటే ముందు నన్ను అడగండి. అడక్కుండా వెనక నుంచి కుర్చీ తోయడమంటే, నడుస్తున్న మనిషిని చెయ్యి పట్టి లాక్కుపోవడమే. ఎత్తాల్సి వస్తే చేతులు ఆనించే పట్టీల దగ్గర పట్టుకోవద్దు. చాలా కుర్చీల్లో అవి ఊడివచ్చే భాగాలు, చేతిలోకి వచ్చేస్తాయి, నేను కిందపడతాను. ఫ్రేమ్ పట్టుకోవాలి. బ్యాటరీ కుర్చీని అసలు ఎత్తకూడదు, నన్ను దాంట్లో ఉంచి అస్సలు ఎత్తకూడదు.

మున్సిపాలిటీలకి నా విన్నపం ఒకటే. ఫుట్‌పాత్ ఒకరిది, స్తంభం ఒకరిది, స్టాప్ ఒకరిది, బస్సు ఇంకొకరిది అయినప్పుడు, ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా మొత్తం దారికి జవాబు చెప్పే ఒక అధికారిని పెట్టండి. నగరమంతా ఒకేసారి బాగుచేయలేమంటే, ఆసుపత్రికి వెళ్లే ఒక్క రూటు తీసుకుని, ఆ రూట్లో ప్రతి స్టాపునీ, ప్రతి స్టాప్ చుట్టూ దారినీ పూర్తిచేయండి. నగరమంతా అక్కడొకటి ఇక్కడొకటి కట్టిన ర్యాంపులతో నేను ఎక్కడికీ చేరలేను. తనిఖీకి వచ్చేటప్పుడు వీల్‌చైర్ వాడేవాళ్లనీ, కర్ర పట్టుకుని నడిచే అంధుల్నీ, వినపడనివాళ్లనీ వెంట తీసుకురండి, వాళ్ల సమయానికి డబ్బు కూడా ఇవ్వండి. వాన పడిన సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళ రండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి ప్రయాణం రద్దీ లేని మధ్యాహ్నం పూట చేయండి. చేతి కుర్చీ అయితే వెనక్కి తిరగబడకుండా ఆపే చిన్న చక్రాలు తప్పక బిగించుకోండి. బ్యాటరీ కుర్చీ అయితే సగం ఛార్జితో బయల్దేరకండి, ఎందుకంటే లిఫ్ట్ చెడిపోయి ఇంకో స్టేషన్‌కి వెళ్లాల్సి రావచ్చు. స్టాప్‌లో నీడలో వెనక్కి ఉండిపోకుండా డ్రైవర్‌కి కనిపించేలా ముందు నిలవండి. ర్యాంపు వేయని బస్సు నంబరూ, సమయమూ అక్కడికక్కడే ఫోన్‌లో రాసుకుని ఆ రోజే ఫిర్యాదు పెట్టండి. మర్నాటికి నంబరు గుర్తుండదు, నంబరు లేని ఫిర్యాదుని ఎవరూ కదిలించరు.