ఉప్పుగాలికి ఈ లైట్ల వైరింగ్ కిట్ ఆగుతుందా?

బండికి అదనంగా బిగించే రెండు ఎల్ఈడీ లైట్లకు సరిపోయే ఈ కిట్‌లో 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), ఫ్యూజు, స్విచ్చి, వైర్లు వస్తాయి. రిలే బాగుంది. ఫ్యూజే సరికాదు: 60 వాట్ల లైట్లు రెండూ కలిసి 12 వోల్టుల మీద 10 ఆంపియర్లే లాగుతాయి, ఇందులో పెట్టింది 30. ఏదైనా తేడా వస్తే ఫ్యూజు కంటే ముందు సన్న వైరే కాలుతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజు వేసి, బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టండి.

రిలే కింద అంకెలున్న పిన్నుల్లో 30వ పిన్ను ఫ్యూజు మీదుగా బ్యాటరీ ప్లస్‌కి, 87 లైట్లకి, 86 స్విచ్చికి, 85 ఎర్త్‌కి. స్విచ్చికి కరెంటు హైబీమ్ నుంచి ఇస్తే డిమ్ కొట్టగానే ఇవీ ఆరిపోతాయి. ఇరుకు కాలవగట్టు మీద ఎదురొచ్చేవాళ్ల ప్రాణానికి అది చాలా అవసరం.

అసలు లోపం రిలే కూర్చునే సాకెట్టుది, రబ్బరు సీలే లేదు. కోనసీమ తీరంలో అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి రాగి పచ్చబడి లైట్లు మినుకుమినుకుమంటాయి. పిన్నులు కిందికి ఉండేలా బిగించి, జాయింట్లకి జిగురున్న హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయాలి. ఎర్త్ దగ్గర పెయింటు గీకి బిగించి, పైన గ్రీజు రాయాలి. లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర, లైటు దగ్గర మల్టీమీటరుతో వోల్టులు చూడండి. అర వోల్టు మించి తేడా ఉంటే కిట్ వైరు తీసేసి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయండి. ఈ పనులు చేసుకోలేనివాళ్లు కొంచెం ఎక్కువ పెట్టి సీలున్న సాకెట్టు కిట్టే తీసుకోవడం మేలు.