పాత ఫోను వైరు మీద నెట్: రెండేళ్ల తర్వాత

మాది కడపలో పాత ఇల్లు. రాతిగోడలు, మిద్దె పైన నా గది. కింద హాల్లోని వైఫై మెట్ల మలుపు దాటేది కాదు. కొత్త కేబుల్ లాగాలంటే గోడకు బెజ్జం పెట్టాలన్నారు, అమ్మ ఒప్పుకోలేదు.

అప్పుడు కంటబడింది మంచం వెనక ఫోను సాకెట్. నాయన ఎప్పుడో పైకి పెట్టించిన పారలల్ ఫోనుది. విప్పితే నాలుగు వైర్లు, ఫోనుకు వాడింది రెండే. 100 ఎంబీపీఎస్‌కు నాలుగూ చాలు. ముందు బయటి లైను విడదీశాను (బతికున్న లైనులో 48 వోల్టులుంటాయి, రింగు వస్తే ఇంకా ఎక్కువ). నెట్ ప్లగ్గులో ఒక జత 1, 2 పిన్నులకు, రెండోది 3, 6కు. మొదట 3, 4కు పెట్టి లైటు వెలగక ఒక పూటంతా తల పట్టుకున్నాను. వెలిగాక స్పీడ్ టెస్టులో 94! కనిపించిన వాళ్లందరికీ చెప్పేశాను.

కొంచెం ఆగి చెప్పాల్సింది. నవంబర్ వానలు పట్టుకోగానే లింకు పోవడం, రావడం. ఎండ కాస్తే బాగయ్యేది. ప్లగ్గులు మళ్లీ క్రింప్ చేశాను (వైర్లకు నొక్కి బిగించాను), రూటర్ కూడా మార్చాను. చివరికి మా వీధిలోని రిటైరైన లైన్‌మన్ చిన్నాయనను పిలిస్తే, "గోడలో వైరు పోయే పైపులో ఏం కాదురా, జాయింటు ఎక్కడో ఉంటాది, బీరువా జరుపు" అన్నాడు. జరిపితే గోడలో అరచేయంత పెట్టె. లోపల వైర్లు మెలిపెట్టి నల్లటేపు చుట్టారు. టేపు జిగురై చేతికంటుకుంది, కింద రాగికి పచ్చగా చిలుము. పైగా అక్కడి నుంచే జేజి గదికి ఇంకో కొస, చివర ఏమీ లేకుండా. ఫోనుకు దానితో ఇబ్బంది లేదు గానీ, నెట్ సిగ్నల్ ఆ ఖాళీ కొస దాకా పోయి వెనక్కి తంతుంది. ఎండాకాలం ఎట్లో నెట్టుకొచ్చిందన్నమాట. ఆ కొస తెంపి, చిలుము పట్టినంత మేర కోసేసి, లోపల జెల్లీ ఉండే చిన్న కనెక్టర్లతో కలిపాడు. ఒక్కోటి నొక్కితే టక్‌మంది. తర్వాతి వానాకాలం ఒక్కసారి కూడా లింకు పోలేదు.

అయినా మాది 200 ప్లాను, పైన సగం కూడా రాదు. 100 దాటాలంటే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లింకు ఉండాలి, దానికి ఎనిమిది వైర్లు కావాలి. ఆఫీసు కాల్సుకు నాకిది చాలు, తమ్ముడు మాత్రం గేములు దించుకోవాలంటే కిందికే పోతాడు. మీ ఇంట్లో రెండే వైర్లుంటే ఇది కుదరదు. పైపు వెడల్పుగా ఉంటే పాత వైరుకే క్యాట్ 6 (ఎనిమిది వైర్ల నెట్ కేబుల్) కట్టి లాగేయడం మేలు. పెట్టె తెరిచిన రోజే నేనూ లాగి చూశాను. రెండో వంపు దగ్గర ఇరుక్కుంది, ఉన్నదీ తెగుతుందేమోనని వదిలేశాను.